రాయని పద్దులు



ఎవరి పేరు మీద మనం ఏటా ఇక్కడ కలుస్తున్నామో ఆయన కామర్స్ మాస్టారు. ఒకచోట జమ పడిందంటే మరోచోట ఖర్చు పడి తీరాలి, ఆ ఖర్చు కనబడకపోతే ఎవరో దాన్ని రాయలేదన్నమాట అని జంటపద్దు పాఠం మొదలుపెట్టేవారని ఆయన శిష్యులు చెబుతారు. నిరాడంబరంగా బతకడం గురించి, అందులో దొరికే సంతృప్తి గురించి మాట్లాడమని ఈ స్మారకనిధి నిర్వాహకులు అడిగినప్పుడు నాకు ఆ పాఠమే ఆధారంగా కనిపించింది.

ఈ విషయం ఎత్తగానే తెలుగువాళ్లకు ముందు గుర్తొచ్చేది పోతన, త్యాగయ్య. పోతన హాలికుడిగా బతికాడని, త్యాగయ్య తంజావూరు ఆస్థానపు సొమ్ము వద్దన్నాడని తలుచుకుంటాం, చేతులు జోడిస్తాం, ఇంటికి వెళ్లి మన బతుకు మనం బతుకుతాం. దేవుడి మీద అంత గురి కుదిరినవాళ్లకు రాజుల సొమ్ము పట్టకపోవడంలో వింతేముంది? మనకు ఆ గురి లేదు, కాబట్టి ఆ దారీ మనది కాదనుకుంటాం. అందుకని ఇవాళ భక్తుల జోలికి వెళ్లను. పద్దులు రాసుకున్న మనుషుల గురించే మాట్లాడతాను. తక్కువతో తృప్తిగా బతికినవాళ్లలో కొందరు పైసా పైసాకూ లెక్క రాసినవాళ్లు. వాళ్ల విషయంలో ఆ లెక్కకూ ఆ తృప్తికీ విడదీయలేని సంబంధం ఉందని నా నమ్మకం.

అమెరికాలో, మసాచుసెట్స్ రాష్ట్రంలో కాంకర్డ్ అనే ఊరు ఉంది. ఆ ఊరి దగ్గరి వాల్డెన్ చెరువు ఒడ్డున హెన్రీ డేవిడ్ థోరో ఒక ఇల్లు కట్టుకుని, 1845 జులై 4న అందులోకి మారాడు. పది అడుగుల వెడల్పు, పదిహేను అడుగుల పొడవు. ఒక గది, మూడు కుర్చీలు. రెండేళ్ల రెండు నెలలు అక్కడే ఉన్నాడు. ఆ అనుభవం మీద ‘వాల్డెన్’ అనే పుస్తకం 1854లో వెలువడింది. చెట్లు, చెరువు, పక్షుల కోసం ఆ పుస్తకం తెరిచినవాళ్లకు మొదట ఎదురయ్యేది ఆర్థిక వ్యవహారాల అధ్యాయం. పుస్తకంలో అన్నిటికంటే పెద్ద అధ్యాయం కూడా అదే. ఇంటి ఖర్చంతా అందులో పట్టిక కట్టి ఉంటుంది. పాత ఇటుకలు వెయ్యి, 4 డాలర్లు. మేకులు, 3 డాలర్ల 90 సెంట్లు. అద్దాలతో సహా రెండు పాత కిటికీలు, 2 డాలర్ల 43 సెంట్లు. సుద్దముక్క, ఒక సెంటు. మొత్తం 28 డాలర్ల పన్నెండున్నర సెంట్లు. ఆ రోజుల్లో హార్వర్డ్‌లో విద్యార్థి ఒక గదికి ఏడాదికి కట్టే అద్దె 30 డాలర్లని ఆయనే పక్కన రాశాడు. ఒక ఏడాది అద్దెకంటే తక్కువలో జన్మకు సరిపడే ఇల్లు వచ్చిందన్నమాట.

ఒక సెంటు సుద్దముక్కను కూడా ఎందుకు రాశాడు? ఆయన కొలుస్తున్నది డాలర్లను కాదు, ఆయుష్షును. ఏ వస్తువుకైనా అసలు ధర, దాన్ని సంపాదించడానికి మన జీవితంలో ఎంత భాగం ఇచ్చుకున్నామో అంత అని ఆయన వాదం. దానికాయన చెప్పిన ఉదాహరణ నాకు చాలా ఇష్టం. ముప్ఫై మైళ్ల దూరంలోని ఫిచ్‌బర్గ్ ఊరికి రైలు టికెట్టు 90 సెంట్లు. అది దాదాపు ఒక రోజు కూలి. నువ్వు ఆ టికెట్టు డబ్బులు సంపాదించి రైలెక్కేలోగా నేను నడిచి ఆ ఊరు చేరతాను, దారిలో నాలుగు పల్లెలు చూస్తాను కూడా, అంటాడు మిత్రుడితో. ఏడాదిలో సుమారు ఆరు వారాల పనితో తన ఖర్చులు వెళ్లిపోతాయని తేల్చుకున్నాడు. మిగిలిన రోజులన్నీ ఆయనవే. ఆ పుస్తకంలో కనిపించే నెమ్మది, పొద్దున్నే గుమ్మంలో కూర్చుని మధ్యాహ్నందాకా కదలకుండా ఉండగలిగిన ఆ నిశ్చింత, ఈ లెక్క తేలాక వచ్చింది. బల్ల మీద మూడు సున్నపురాయి ముక్కలు పెట్టుకున్నాడట. రోజూ వాటి దుమ్ము తుడవాల్సి వస్తోందని గ్రహించి కిటికీలోంచి బయటికి విసిరేశాడు. వస్తువుకు డబ్బు ఒక్కసారే ఇస్తాం, సేవ మాత్రం అది ఉన్నంతకాలం చేస్తూనే ఉంటామని ఆయనకు తెలిసిపోయింది.

అయితే ఆడిటరు కంటితో చూస్తే ఈ పట్టికలో రెండు పద్దులు లేవు. మొదటిది నేల. ఆ స్థలం ఆయన మిత్రుడు, గురుతుల్యుడు ఎమర్సన్‌ది. అద్దె లేదు. రెండోది నన్ను ఎక్కువగా బాధించేది. ఇంటి చెక్కల కోసం రైలుమార్గంలో పనిచేసే ఐరిష్ కూలీ ఒకడి గుడిసెను థోరో 4 డాలర్ల 25 సెంట్లకు కొన్నాడు. మర్నాడు తెల్లవారి ఆ కుటుంబం దారిన పోతూ ఆయనకు ఎదురైంది. వాళ్ల సర్వస్వం ఒక పెద్ద మూటలో ఇమిడిపోయింది. థోరో ఆ సంగతి దాచలేదు, పుస్తకంలో రాశాడు. పట్టికలో మాత్రం ఆ కుటుంబం లేదు. ఆ పూట కాంకర్డ్ పరిసరాల్లో అందరికంటే తక్కువ వస్తువులున్నవాళ్లు ఆ మూట మోసుకుపోతున్నవాళ్లే. వాళ్లను మనం నిరాడంబరులని అనం. ఎవరూ అనకూడదు. తనకు తాను తగ్గించుకున్నవాడి గదినీ, గత్యంతరం లేనివాడి గదినీ ఫొటో తీస్తే రెండూ ఒకేలా ఉంటాయి. తేడా ఫొటోలో కనబడదు.

గాంధీజీ కూడా పద్దులతోనే మొదలుపెట్టారు. లండన్లో బారిస్టరు చదువుకు వెళ్లిన కొత్తలో దొరబాబు వేషానికి డబ్బు తగలేసిన ఆ కుర్రవాడు, తర్వాత ఫార్తింగు ఫార్తింగుకూ లెక్క రాసి, రాత్రి పడుకోబోయే ముందు నిల్వ సరిచూసుకునే అలవాటు చేసుకున్నాడు. ఆ లెక్కను చూసే రెండు గదుల నుంచి ఒక గదికి మారాడు, బండ్లెక్కడం మాని నడిచాడు, పొద్దుటి ఫలహారం తానే వండుకున్నాడు. దానివల్ల బతుకు చప్పబడలేదని, లోపలి మనిషికీ బయటి మనిషికీ పొత్తు కుదిరిందని ఆత్మకథలో రాసుకున్నారు. ఇంతవరకూ అందరికీ తెలిసిందే. నేను ఆగి చూడాలనుకునేది 1901 నాటి ఒక రాత్రి.

దక్షిణాఫ్రికా నుంచి ఇండియాకు బయల్దేరుతుంటే అక్కడి భారతీయులు బంగారం, వెండి, వజ్రాలు కానుకలుగా ఇచ్చారు. వాటిలో యాభై గినీల విలువ చేసే బంగారు హారం ఒకటి కస్తూర్బాకు వచ్చింది. ఆ రాత్రి గాంధీజీకి నిద్ర పట్టలేదు. గదిలో పచార్లు చేసి, చివరికి అన్నిటినీ ప్రజల పనులకు ధర్మనిధిగా రాసిచ్చేయాలని నిర్ణయించుకున్నారు. పిల్లలు వెంటనే సరేనన్నారు. కస్తూర్బా ససేమిరా అన్నారు. నాకు అక్కర్లేకపోవచ్చు, రేపు వచ్చే కోడళ్లకు ఏం పెడతాం అని అడిగారు. ఆ హారం నా సేవకు ఇచ్చిందా, నీ సేవకా అని భర్త అడిగితే ఆమె ఇచ్చిన జవాబు ఆ పుస్తకం మొత్తంలో నాకు మరపురాని ఘట్టం. మీరు చేసిన సేవ నేను చేసినట్టు కాదా, రాత్రీ పగలూ మీ కోసం, మీరు ఇంటికి తెచ్చి పెట్టినవాళ్లందరి కోసం నేను చేసిన చాకిరీ సేవ కాదా అని నిలదీశారు. ఆ మాటలు సూటిగా గుచ్చుకున్నాయని గాంధీజీ ఒప్పుకున్నారు. అయినా నగలు తిరిగి ఇచ్చేశారు. ఆమె చేత ఎలాగో బలవంతాన సరేననిపించానని దాపరికం లేకుండా రాశారు.

ధర్మనిధి మంచిదే. దానివల్ల మేలే జరిగింది. కానీ కస్తూర్బా లేవనెత్తింది ఒక రాయని పద్దు. మన ఇళ్లలో నిరాడంబరత గురించి మాట్లాడే మగవాళ్లు ముందుగా చూసుకోవాల్సింది దీన్నే అంటాను. బయటి తిండి మానేశాం, అంతా ఇంట్లోనే అంటే ఆ రుబ్బేది ఎవరు? వాషింగ్ మెషిన్ లేకుండా బతుకుతున్నాం అంటే ఆ దుప్పట్లు ఎవరి చేతుల మీదుగా ఆరుతున్నాయి? మన తెలుగు కుటుంబాల్లో తరతరాలుగా ఆడవాళ్లకు తమదంటూ ఉన్న ఆస్తి ఒంటిమీది బంగారమే. దాన్ని వదులుకోమని చెప్పే హక్కు, పొలమూ ఇల్లూ తన పేరున ఉన్నవాడికి ఎక్కడిది? ఒకరి నిశ్చింత ఇంకొకరి నడుంనొప్పి మీద నిలబడితే ఆ ఇంట్లో సంతృప్తి ఉందని అనలేం.

ఇప్పుడు నిజంగానే ఆడిటరు దగ్గరికి వద్దాం. జె.సి. కుమారప్ప 1892లో తంజావూరులో క్రైస్తవ కుటుంబంలో పుట్టారు. లండన్లో చార్టర్డ్ అకౌంటెన్సీ చదివి, బొంబాయిలో ఆడిటింగ్ సంస్థ నడిపారు. తర్వాత అమెరికా వెళ్లి కొలంబియా విశ్వవిద్యాలయంలో సెలిగ్మన్ అనే ఆచార్యుడి దగ్గర ప్రభుత్వ విత్తశాస్త్రం చదివారు. బ్రిటిష్ ప్రభుత్వం పన్నులు ఎలా వసూలు చేసి దేనిమీద ఖర్చు పెడుతోందో లెక్క తీస్తే ఇండియా పేదరికానికి కారణం ఆ లెక్కలోనే దొరికింది. 1929లో ఆ లెక్కల మీద తాను చేసిన రచన పట్టుకుని సబర్మతి వెళ్లారు. గాంధీజీని కలిశాక సూటూ బూటూ వదిలేశారు గాని, ఆడిటరు బుద్ధిని వదల్లేదు. 1934 బిహార్ భూకంపం తర్వాత సహాయనిధి లెక్కలు ఆయన చేతికి వచ్చాయి. గాంధీజీ బృందం ఖర్చులను కూడా ఆ నిధి మీద వేయడానికి ఆయన ఒప్పుకోలేదు. బాధితుల కోసం వచ్చిన సొమ్ములో నాయకుడికి ఖాతా లేదు, అంతే. ఆ ఏడాదే అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం వార్ధాలో ఏర్పడితే కార్యదర్శి బాధ్యత ఆయనకే అప్పగించారు.

జీవన ప్రమాణాన్ని హెచ్చు, తగ్గు అని కొలవడం కుమారప్పకు నచ్చేది కాదు. సరళమా, జటిలమా అని అడగమన్నారు. ఎక్కువ వస్తువులున్న బతుకు జటిలం కావచ్చు, మనిషి ఎదుగుదల దృష్ట్యా అది పైమెట్టు కానక్కర్లేదు. హైదరాబాదు శివార్లలో ముప్ఫయ్యో అంతస్తులో ఫ్లాటు కొన్న జంటను తీసుకోండి. ఇద్దరి జీతాల్లో పెద్ద భాగం వాయిదాలకు పోతుంది, ఆ జీతాల కోసం పగలంతా ఆఫీసులో, ఉదయం సాయంత్రం రోడ్డు మీద గడుస్తుంది, ఫ్లాటులో వాళ్లకు మిగిలేది నిద్ర. పగటిపూట ఆ ఇంటిని అనుభవించేది పనిమనిషి. ఆ జంటను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. వాళ్లలో మన పిల్లలే ఉన్నారు, ఇల్లు కొనమని వెంటపడింది మనమే. వాళ్లు మెట్టు ఎక్కారని బంధువులకు చెప్పుకునేటప్పుడు ఏ కొలతతో చెబుతున్నామో చూసుకోమంటున్నాను.

కుమారప్ప చెప్పిన రెండో సంగతి ఇంకా లోతైంది. వస్తువు మీద ఉన్న ధర ఆ వస్తువు కథంతా చెప్పదు. దాని తయారీలో అన్యాయం జరిగితే, కొన్నవాడికీ అందులో పాలుంటుంది. దీనికి మన దగ్గరే ఒక మేలైన ఉదాహరణ ఉంది. శ్రీకాకుళం జిల్లా పొందూరులో సన్నఖద్దరు నేస్తారు. అక్కడ పత్తిని శుభ్రం చేయడానికి వాలుగ చేప దవడ ఎముక వాడతారు. ఆ ఎముకకున్న సన్నని పళ్లతో కొద్దికొద్దిగా పత్తిని దువ్వి, ఏకి, ఏకులు చేసి, చేత్తో వడికి, మగ్గం మీద నేస్తారు. వడికేవాళ్లలో ఎక్కువమంది స్త్రీలే. ఇదంతా కళ్లారా చూసి ఒక పంచె కొనుక్కున్నవాడు దాన్ని జాగ్రత్తగా ఉతుక్కుంటాడు, చిరుగుపడితే కుట్టించుకుంటాడు, బీరువాలో డజను పేర్చుకోడు. ఎవరూ అతనికి మితంగా ఉండమని నీతి చెప్పనక్కర్లేదు. ఆ వస్తువు వెనక ఎంతమంది శ్రమ ఉందో తెలిసిపోయింది, ఆ ఒక్క పంచె అతనికి నిండుగా ఉంటుంది. తెలియని చోట మాత్రం ఎన్ని కొన్నా నిండదు. కొన్నప్పటి సంబరం వారం రోజుల్లో చల్లారి, ఇంకొకటి కావాలనిపిస్తుంది.

ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తే నేను మాస్టారి పాఠానికి అన్యాయం చేసినట్టే. కొలంబియాలో సెలిగ్మన్ దగ్గర కుమారప్పకంటే చాలా ముందే ఇంకో భారతీయుడు చదివాడు. 1913లో అక్కడ చేరిన భీమ్‌రావ్ అంబేడ్కర్. బ్రిటిష్ ఇండియా రాష్ట్రాల విత్తవ్యవస్థ మీద ఆయన రాసిన గ్రంథానికి 1925లో ముందుమాట రాసింది సెలిగ్మనే. ఒకే గురువు, ఒకే శాస్త్రం. 1945లో ఇద్దరి పుస్తకాలూ వెలువడ్డాయి. కుమారప్ప జైల్లో రాసిన శాశ్వత ఆర్థిక వ్యవస్థ గ్రంథం, గాంధీజీ ముందుమాటతో. అంటరానివారికి కాంగ్రెస్, గాంధీ ఏం చేశారో తేల్చిన అంబేడ్కర్ గ్రంథం, అందులో గాంధీయిజం మీద ఒక అధ్యాయంతో. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదవని వాళ్లు నిరాడంబరత గురించి మాట్లాడకూడదని నాకు అనిపిస్తుంది.

అంబేడ్కర్ వాదం సూటిగా ఉంటుంది. మనిషి పశువులా బతకకుండా మనిషిలా బతకాలంటే తీరిక కావాలి. ఆ తీరికను కోట్లమందికి ఇవ్వగలిగింది యంత్రం. ప్రకృతిలోకి తిరిగి వెళ్దామని చదువుకున్నవాడు అంటే వినసొంపుగా ఉంటుంది, కూలివాడికి అది మళ్లీ చాకిరీలోకి, మురికిలోకి వెళ్లడమే. అంతకంటే పదునైన మాట మరొకటి ఉంది. శూద్రుడు ఆస్తి కూడబెట్టరాదని శాసించిన సమాజంలో, ఆ పేదరికాన్నే సద్గుణమని బోధిస్తే అది పాత శాసనాన్ని తీపి మాటల్లో చెప్పడమే అవుతుంది. 1921లో మదురైలో గాంధీజీ పైబట్ట తీసేసి కొల్లాయి కట్టారు. అంబేడ్కర్ జీవితమంతా చక్కటి సూటు వేసుకున్నారు. దాదర్‌లో పుస్తకాల కోసమే అన్నట్టు రాజగృహ అనే ఇల్లు కట్టుకున్నారు. 1927లో మహద్‌లో దళిత స్త్రీలతో మాట్లాడుతూ, కులం గుర్తుగా ఒంటిమీద మోస్తున్న బరువైన నగలు తీసేయమని, చీర కాలిమడమల దాకా కట్టమని చెప్పారు. అక్కడ నగలు తీయడం విముక్తి, నిండుగా కట్టుకోవడమూ విముక్తే. కస్తూర్బా హారం వదులుకోవాల్సి రావడాన్ని, మహద్ స్త్రీలు కడియాలు వదిలేయడాన్ని ఒకే కొలతతో కొలవలేం. ఆమె మీద భర్త నిర్ణయం పడింది. వీళ్లు తమ మీద ఉన్న పాత పద్దు కొట్టేసుకున్నారు.

మరి కుమారప్ప, అంబేడ్కర్ ఇద్దరిలో ఎవరిది సరైన లెక్క? ఇద్దరిదీ అని తప్పించుకోను. తీరిక విషయంలో అంబేడ్కర్ చెప్పిందే నిజం. బావి నుంచి బిందెలు మోసిన ఆడవాళ్లకు ఇంట్లో నల్లా వచ్చిన రోజు దొరికిన సంతృప్తి ఏ త్యాగంలోనూ దొరకదు. అయితే అందరికీ తీరిక ఇస్తుందనుకున్న యంత్రం ఇవాళ మన తీరికనే తినేస్తున్నప్పుడు కుమారప్ప అడిగిన ప్రశ్న మళ్లీ ముందుకొస్తుంది. ముందు అందరికీ చాలినంత ఉండాలి. తగ్గించుకోవడం గురించి మాట్లాడాల్సింది చాలినంతకు మించి ఉన్నవాళ్లతోనే. నెల్లూరు జిల్లా అలగానిపాడులో భూస్వామి ఇంట పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య తన వాటా ఆస్తిని కమ్యూనిస్టు పార్టీకి ఇచ్చేసి, సైకిలు మీద పార్లమెంటుకు వెళ్లారు. ఆ సైకిలుకు మనం ఇచ్చే గౌరవమంతా, దాని వెనక ఆయన వదిలేసిన పొలం ఉన్నందుకే. అదే సైకిలు మీద రోజూ పనికి వెళ్లే తాపీమేస్త్రీకి ఎవరూ స్మారకోపన్యాసం ఏర్పాటు చేయరు.

ఈ కాలంలో మనకు వచ్చిన పెద్ద చిక్కు, పద్దు రాసే పని మన చేతిలోంచి జారిపోవడం. చీటీల పుస్తకం, కిరాణా కొట్టు ఖాతా, ఇంటి డైరీ ఒకటొకటిగా మాయమయ్యాయి. ఇప్పుడు లెక్కంతా ఫోను రాస్తుంది, మనం చదవం. 2016లో యూపీఐ వచ్చాక చెల్లించడం ఎంత తేలికైందో, చెల్లించామన్న స్పృహ అంత పలచబడింది. వాయిదాల మీద వడ్డీ లేదంటారు, పది నిమిషాల్లో సరుకు గుమ్మం దగ్గర ఉంటుందంటారు. ఆ పది నిమిషాలు ఎర్రదీపాలు దాటుకుంటూ వచ్చిన కుర్రవాడి ఖాతాలో పడ్డాయని బిల్లులో ఉండదు. ఇంట్లో సరుకు పెరిగిపోతే సర్దుకోవడానికి కూడా పుస్తకాలున్నాయి. జపాన్‌కు చెందిన మేరీ కోండో పుస్తకం 2011లో వచ్చి ప్రపంచమంతా చుట్టింది. ఏ వస్తువు చేతిలోకి తీసుకుంటే మనసుకు హాయిగా ఉంటుందో అదే ఉంచుకోమని ఆవిడ సలహా. ఇల్లు తేలికపడిన మాట నిజం. పారేసినవి ఎక్కడికి పోయాయి? హైదరాబాదులో చెత్తబుట్టలో వేసినవి జవహర్‌నగర్ గుట్ట మీదికి చేరతాయి. మన ఇంట్లో ఖాళీ అయిన చోటు అక్కడ గుట్ట ఎత్తుగా జమ అవుతుంది. ఆ చుట్టుపక్కల కాపురాలున్నాయి, ఆ చెత్తలో చేతులు పెట్టి ఏరుకునే మనుషులున్నారు. తగ్గించుకోవాల్సింది కొనేటప్పుడు. పారేసేటప్పుడు తగ్గేది మన కంటికి మాత్రమే.

వస్తువులు ఎన్ని ఉండాలో చెప్పే సంఖ్య ఏదీ నా దగ్గర లేదు. ఇంటింటికీ అది మారుతుంది. నేను చూసినంతలో, తృప్తిగా ఉన్న మనుషుల ఇళ్లలో కొన్నిచోట్ల వస్తువులు బాగానే ఉన్నాయి, కొన్నిచోట్ల అసలు లేవు. వాళ్లందరిలో ఉమ్మడిగా కనిపించింది ఒకటే. తమ ఇంట్లోకి వచ్చిన ప్రతిదీ ఎక్కడి నుంచి, ఎవరి కష్టంతో వచ్చిందో వాళ్లు చెప్పగలరు. ఎవరికీ తెలియకుండా ఎవరికో బాకీపడ్డామన్న గుబులు వాళ్ల మొహాల్లో ఉండదు.

ఇక్కడున్న కామర్స్ విద్యార్థులకు ఒక పని ఇచ్చి వెళ్తాను. వచ్చే నెల మీ ఇంటి ఖర్చులు ఒక నోటుపుస్తకంలో రాయండి, ఫోనులో వద్దు. మామూలు రూపాయల గడి పక్కన ఇంకో రెండు గడులు గీయండి. మొదటి దాంట్లో, ఆ వస్తువు కోసం ఇంట్లో సంపాదించేవాళ్లు ఎన్ని గంటలు పనిచేయాల్సి వచ్చిందో రాయండి. రెండో దాంట్లో, దాన్ని వండి, ఉతికి, తుడిచి, సర్ది పెట్టింది ఎవరో రాయండి. అమ్మనో అమ్మమ్మనో అడిగి రాయండి, ఊహించి రాయొద్దు. నాన్నగారు ఆ గడి చూసి ఏమన్నారో కూడా కింద రాయండి. నెలాఖరుకు ఆ పుస్తకాలు, పేర్లు లేకుండా, మీ కాలేజీ లైబ్రరీలో ఇవ్వండి. నిధి నిర్వాహకులు ఒప్పుకుంటే వచ్చే ఏడాది ఉపన్యాసానికి బదులు వాటినే ఈ వేదిక మీద చదువుదాం.